చంద్రుడి జవాబు

"చంద్రుడి వాటాకే మూతి పెట్టావా, దొంగమొహమా!"

ఔస్ ఒక్క దూకు దూకి ఆ ఒంటరి ఆడతోడేలును కాలికింద తొక్కిపట్టాడు.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. పూజబండ మీద అప్పుడే పెట్టిన కొండమేక కార్జం సగం దాని నోట్లో ఉంది, సగం ఇసకలో ఉంది.

జుర్ఫ్ లోయ తోడేళ్ళ మందలో తరతరాలుగా ఒకటే ఆచారం. పున్నమినాడు ఎవరూ వేటకు పోరు, ఎముక కూడా కొరకరు. ముందురోజు వేటలోని కార్జం తెచ్చి బండ మీద పెడతారు. తెల్లారేసరికి అది మాయమవుతుంది. చంద్రుడే తిన్నాడని మంద అంతా మురిసిపోతుంది.

తిన్నదెవరో ఇవాళ బయటపడింది.

"వదులు పెద్దాయనా, మూడు రోజులైంది తిని. చంద్రుడేమీ అనుకోడులే, దయగలవాడు."

"నోరు చూడు దీనికి! మంద లేదు, పూజ లేదు, నువ్వా నాకు చంద్రుడి సంగతి చెప్పేది?"

ఔస్ దాని గొంతు కొరికాడు. మామూలు కొరుకుడు కాదు.

భార్య జహ్మా పరుగున వచ్చి అడ్డం పడింది. "వదిలెయ్యండి! ఇవాళ బిడ్డకు పేరు పెట్టే రోజు. నెత్తురు చూడకూడదు."

ఔస్ వదిలాడు. ఆ ఒంటరిది రక్తం కార్చుకుంటూ, ఎండు వాగు దాటి ఎదుటి గుట్టవైపు కాళ్ళీడ్చుకుంటూ పోయింది. దాని పేరేమిటో, ఎవరిదో మందలో ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. కనబడితే తరుముతారు, అంతే.

జహ్మాకు దాని మీద ధ్యాస లేదు. ఆమె బెంగంతా బిడ్డ గురించే. ఈ కాన్పులో నలుగురు పుడితే మిగిలింది వీడొక్కడే. వీడూ ఎలుకపిల్లంత.

పేరు పెట్టేనాడు పిల్లను బండ మీద నిలబెడతారు. పిల్ల ఊళ వేస్తే, ఎదుటి గుట్ట నుంచి చంద్రుడు తిరిగి ఊళ వెయ్యాలి. వేస్తే పేరు. ఆ రాత్రి చంద్రుడు అస్తమించేలోగా జవాబు రాకపోతే ఆ పిల్ల మందది కాదు. వాగు అవతల వదిలేసి రావలసిందే.

"భయమెందుకే పిల్లా," అంది అత్త సల్ఖా. కాళ్ళు వంకరపోయిన ముసలిదైనా మందకు పెద్దదిక్కు ఆమే. "నీ మొగుడి ఊళ చిరిగిన తప్పెటలా ఉండేది. వాడికే జవాబిచ్చినవాడు వీడికివ్వడా?"

చంద్రుడు పొడిచాడు. ముసలివాళ్ళ దగ్గర్నుంచి వరసగా మంద అంతా ఊళ వేసింది. పిల్లను బండ మీదికి ఎక్కించారు.

వాడు ఊళ వేశాడు. అది ఊళలా లేదు, తుమ్ములా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

గుట్ట పలకలేదు.

"మళ్ళీ వెయ్యి నాన్నా. గట్టిగా."

ఈసారి బాగానే వేశాడు. అయినా గుట్ట పలకలేదు.

పదిసార్లు వేశాడు, ఇరవైసార్లు వేశాడు. గొంతు కీచుమంది. చంద్రుడు నడినెత్తి దాటి పడమటికి జారిపోతున్నాడు.

"బండ ఎంగిలిపడింది. అందుకే అలిగాడు," అని మందలో కొందరు గొణిగారు.

ఔస్ తల దించుకున్నాడు. "ఆచారం ఆచారమే. నా కొడుకని చెప్పి..."

జహ్మా పిల్లను పొట్టకింద దాచుకుంది. "వాడితోబాటు నన్నూ వదిలేసి రండి!"

"అరవకే తల్లీ. చంద్రుడింకా ఆకాశంలోనే ఉన్నాడుగా," అంటూ సల్ఖా లేచింది. "వెళ్ళి అడిగొస్తా."

"చంద్రుణ్ణా? ఆ కాళ్ళతోనా?" అన్నాడు ఔస్.

"నీ కాళ్ళు అరువిస్తావా మరి?"

ముసలిది కుంటుకుంటూ వాగులోకి దిగింది. ఇసకలో ఆరిన నెత్తుటి చుక్కలను వాసన చూసుకుంటూ అవతలి గట్టెక్కింది.

చంద్రుడు పడమటి కొండను తాకబోతుండగా ఎదుటి గుట్ట నుంచి ఊళ వినబడింది. బొంగురుగా, మధ్యలో ఒక దగ్గుతో.

మంద గంతులేసింది.

"అది మన ముసలమ్మ గొంతులా లేదూ?" అన్నాడొకడు.

ఔస్ వాడివైపు తిరిగాడు. "చంద్రుడికి జలుబు చేసింది. నీకేమైనా కష్టమా?"

ఎవరికీ ఏ కష్టమూ లేదు. పిల్లకు ఉవైస్ అని పేరు పెట్టారు.

తెల్లవారగానే ఔస్, జహ్మా ఎదుటి గుట్టెక్కారు. రాళ్ళ సందులో ఆ ఒంటరిది పడుకుని ఉంది. దాని మెడ మీది గాయాన్ని సల్ఖా నాకుతోంది.

"బతుకుతుందా అత్తా?"

"బతుకుతుంది. గొంతే ఇక రాదు. నేనొచ్చేసరికి తల పైకెత్తి ఊళ వేస్తూనే ఉంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు."

జహ్మా వంగి ఆ గాయాన్ని చూసింది. "అయితే ఇన్నేళ్ళూ మన పిల్లలందరికీ జవాబిచ్చింది..."

"ఇదే."

ఔస్ దగ్గరికి వచ్చి, దాని పక్కన గడ్డం నేలకానించి పడుకున్నాడు.

"మందలోకి తీసుకుపోదాం," అన్నాడు.

"వచ్చే పున్నమి నుంచి ఈ గుట్ట మీద నేనుంటాను. ఏ పిల్లా జవాబు లేకుండా పోదు," అంది జహ్మా. తర్వాత ఆమె ఊరుకోలేకపోయింది. "తరిమేవాళ్ళ పిల్లల కోసం ఇదెందుకు ఇంత పాటుపడింది అత్తా?"

సల్ఖా నాకడం ఆపి కొడుకువైపు చూసింది.

"రాత్రి వాసన చూశాకే నాకు తెలిసిందిరా ఔస్, నువ్వు పుట్టడానికి ముందటేడు చంద్రుడు పలకలేదని నేనే నోట కరుచుకొచ్చి ఇక్కడ వదిలేసిన నీ అక్క ఇది."