దవడ సాక్ష్యం

"విమానం వచ్చేస్తోంది తాతా. ఇది తోడేలని రాసేస్తున్నా. మంచుబండి కుక్కల కోసం నా మూడేళ్ళ తవ్వకం మంచుపాలు!" అంది నివియాక్, వెయ్యేళ్ళనాటి ఇంటి అడుగున దొరికిన ఎముకల్లోని దవడను పెట్టెలో పెట్టబోతూ. "వెన్నెముకలో బరువు లాగిన గుర్తే లేదు."

తాత ఉలాయుక్ ఆ దవడను అందుకుని వేలితో తడిమాడు. వెనక పళ్ళ మొనలు రెండు వైపులా ఒకేలా విరిగి ఉన్నాయి.

"ఇంత చదివి దొంగని పట్టలేకపోయావే! మంచుబండి తోలుపట్టీలు కొరికి తినే కుక్కలకి మా నాన్న ఇలాగే రాయితో మొనలు కొట్టేవాడు. తోడేలు నోట్లో చెయ్యెవడు పెడతాడు?"

నివియాక్ రాసింది కొట్టేసింది.

"అయితే ఇది బండి లాగిందన్నమాట!"

"లాగిందో లేదో నాకేం తెలుసు?" నవ్వాడు ఉలాయుక్. "లాగమన్నారని మాత్రం తెలుసు."