గడియ టక్కుమనేదాకా

మంగాయమ్మ తన కుక్క చుక్కకి పెరటి గేటు వెయ్యడం నేర్పింది. ముందుకాళ్లతో తోసి, గడియ పడి టక్కుమన్నాకే "భేష్, చుక్కా" అనేది, ఓ రొట్టెముక్క పెట్టేది. సగం తోసి తోక ఊపితే నవ్వేదే తప్ప ముక్క పెట్టేది కాదు. తిట్టడం, కొట్టడం అసలే లేదు.

జామచెట్టు మీది గోరింకకి ఇదంతా నవ్వులాటగా ఉండేది. ఎవరి గొంతైనా ఇట్టే అనుకరించేస్తానని దానికి గొప్ప.

"ముక్క కోసం పడి చచ్చే రకం అది," అంది గేటవతల కాచుకున్న మేకతో. "సగంలో నేను భేష్ అంటాను. గేటు వదిలేసి ముక్క వెతుక్కుంటూ పోతుంది. నువ్వు దూరి చిక్కుడుపాదు మేసెయ్."

సాయంత్రం మంగాయమ్మ బిందెతో నీళ్లకి వెళ్తూ గేటు వెయ్యలేదు. ఆ పని చుక్కది కదా. చుక్క లేచి తోసింది. గేటు సగానికి రాగానే గోరింక అచ్చం మంగాయమ్మలా "భేష్, చుక్కా" అంది.

చుక్క ఆగింది. తోక ఊపింది. మేక తల లోపలికి దూర్చింది.

చుక్క గడియ వంక చూసింది. "ఇంకా టక్కుమనలేదుగా అమ్మా," అంటూ మళ్లీ తోసింది. మేక చప్పున తల లాక్కుంది. గడియ పడింది.

ముక్క పెట్టేవాళ్లెవరూ లేరు. చుక్క అరుగెక్కి పడుకుంది.

గోరింక చాలాసేపు దాన్నే చూసింది. చివరికి "భేష్" అంది. ఈసారి ఆ గొంతు మంగాయమ్మది కాదు, తనదే.