వెడల్పు చేసిన వంతెన

తూంకుంట కాలనీలో కృష్ణారావు మేడగది నిండా బొమ్మరైలు పట్టాలే. ఆయన రైల్వేలో వంతెనల ప్లాన్లు గీసి రిటైరైన మనిషి. కొడుకు రఘునందన్ రైలు తలుపు దగ్గర నిలబడి బయటికి వంగినప్పుడు, వంతెన ఇనుప దూలం తలకు తగిలి చనిపోయాడు. ఆ వంతెననే ఇత్తడి రేకుతో, రివెట్లతో సహా అచ్చు గుద్దినట్టు కట్టాడు తండ్రి. ఒక్క కొలత మాత్రం అబద్ధం. రైలుకీ దూలాలకీ మధ్య, వంగిన తల తప్పించుకునేంత ఎడం ఎక్కువ వదిలాడు.

"అసలుది ఇలా ఉండదుగా?" అంది భార్య అమ్మాజీ.

"ఇది ఇలాగే ఉంటుంది."

ఆ రోజు చీకటి పడగానే కరెంటు పోయింది. కొవ్వొత్తి కోసం తడుముకుంటుంటే వెనకాల రైలు కదిలింది. అది బొమ్మ చప్పుడు కాదు, ఏటి మీద ఇనుప వంతెన మోగే మోత. మధ్యలో మెత్తగా ఏదో తగిలింది. రైలు ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆయన దూలం పక్కన తాను వదిలిన ఎడంలో వేలు పెట్టి చూశాడు. పట్టలేదు. ఎడం అసలు కొలతకు వచ్చేసింది.

"కరెంటు ఇప్పట్లో రాదటండీ, కిందికి వచ్చేయండి," అమ్మాజీ పిలిచింది.

ఆయన దూలాలను చేతుల్తో విడదీయబోయాడు. రేకు అరచేతిని కోసింది గానీ జరగలేదు. గది చుట్టూ తిరిగి రైలు మళ్ళీ వంతెన వైపు వస్తోంది.