లిఫ్టులో దిద్దిన ఫొటో

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లైటూ పోయింది.

అంతవరకూ ఫోన్లోంచి తలెత్తని ఫొటో ఎడిటర్‌కి గుండె గుభేలుమంది. అసలే ఇరుకు చోటంటే హడలిపోయే మనిషి. తలుపు మీద దబదబా బాదాడు.

“మనుషుల్ని పిలిచాం సార్! కాస్త టైం పడుతుంది!” పైనుంచి వాచ్‌మన్ అరిచాడు.

“అయ్యో, నేను పోతాను. ఊపిరాడట్లేదు...”

“ఎక్కడికీ పోవు. కూర్చో బాబూ,” మూలనుంచి ఎవరో పెద్దావిడ అంది. “ఏం పని చేస్తుంటావు?”

“ఫొటోలు దిద్దుతాను. ఇప్పుడవన్నీ ఎందుకండీ?”

“దేంతో దిద్దుతావు?”

“లాప్‌టాప్‌కి పలకలాంటి టాబ్లెట్ తగిలించి, దాని మీద పెన్నుతో.”

“సంచిలో ఉంటే తియ్యి మరి. ఊరికే కూర్చుని ఏం చేస్తాం?”

చాదస్తం మనిషి, అనుకున్నాడు. అయినా తీశాడు. పై ఆఫీసులో ఇవ్వాల్సిన మేనేజరు ఫొటో తెరిచాడు. పెన్ను తీసుకుని పని మొదలుపెట్టాడు.

“ఇప్పుడేం చేస్తున్నావు?”

“కళ్ళ కింద నలుపు తీస్తున్నా. పెన్ను గట్టిగా నొక్కితే మందంగా పడుతుంది, మెల్లగా తాకిస్తే పల్చగా.”

“మరి మెల్లగానే తాకించు. తొందరేముంది?”

ఇక ప్రశ్న మీద ప్రశ్న. మచ్చలుంటే ఏం చేస్తావు? నెరిసిన జుట్టో? చొక్కా ముడతలో? పెన్ను మీంచి చూపు తిప్పకుండా, విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పాడు. చెప్తూ చెప్తూ ఊపిరాడటం లేదన్న సంగతే మరిచిపోయాడు.

“నవ్వు భలే వచ్చింది,” అంది ఆవిడ.

“నవ్వెక్కడిది? ఆయన మూతి ముడుచుకుని కూర్చుంటే! కళ్ళు కనబడట్లేదా మీకు?”

ఆవిడ పకపకా నవ్వేసింది. “సరేలే, నీ పని కానియ్యి.”

ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. ఎడిటర్ అన్నీ సంచిలో కుక్కుకుని, ఆవిడకి చెయ్యైనా అందించకుండా పైకి పాకాడు. కిటికీ దగ్గరికి పరిగెత్తి, కరువుతీరా గాలి పీల్చుకుంటూ చాలాసేపు నిలబడిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ. ఆవిడే లేకపోతే ఏమైపోయేవాడో! సిగ్గుతో చచ్చిపోయాడు.

వెనక్కొచ్చేసరికి లిఫ్టు ఖాళీ. గబగబా మెట్లు దిగి, కింద వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు.

“పెద్దావిడ ఏరీ? ఒక్క మాట చెప్పాలి.”

“వెళ్ళిపోయారు సార్. ఎవరో మరి, ఎప్పుడూ చూడలేదు. ‘ఆ అబ్బాయి బాగా భయపడ్డాడు, మంచినీళ్ళివ్వు’ అన్నారు.”

“అప్పుడే మెట్లన్నీ దిగేశారా?”

“గేటు దాకా నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను సార్, పాపం ఆవిడకి బొత్తిగా చూపు లేదు.”