కుందుర్పి దారిలో ఐర్లాండ్

గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. నాగేశ్వర కారు ఆపాడు.

"ఉండండి, ఉండండి! ఫోటో తీయల్ల," అంది హేమావతి. "అచ్చం ఐర్లాండే!"

ఈ ఉగాది సెలవుల్లో వాళ్ళు నిజంగానే ఐర్లాండ్‌లో కారేసుకుని తిరగాల్సింది. అక్కడ రోడ్ల మీద గొర్రెలు నడుస్తాయని ఏడాదిగా ఫోనులో చూసి మురిసిపోయింది హేమావతి. తీరా వాళ్ళ కుక్క బూందీని తీసుకుపోవడానికి కాగితాలు కుదరలేదు. వాణ్ణి వదిలి రానంటే రానని ఆమె మొండికేసింది. దాంతో ధర్మవరంలో చీరల కొట్టుకు తాళం వేసి, మొగుడూ పెళ్ళాం కుక్కా కలిసి కళ్యాణదుర్గం మీదుగా కుందుర్పి దారి పట్టారు. పచ్చిక మాట దేవుడెరుగు, కానుగ చెట్లు మాత్రం కొత్త చిగురు వేసి ఉన్నాయి. అదే వసంతమని సరిపెట్టుకున్నారు.

బూందీ కొన్న కుక్క కాదు. రెండేళ్ళ కిందట ఓ పెళ్ళికి వెళ్ళి వస్తుంటే, లారీ గుద్ది రోడ్డు పక్కన పడి ఉన్నాడు. చెవి కొస చీలి ఉంది, వెనక్కాలు విరిగింది. "ఎవరిదో ఏమో, దగ్గర్లో అడుగుదామా?" అని నాగేశ్వర అంటే హేమావతి వినలేదు. పట్టుచీర కొంగులో చుట్టి ఎత్తుకొచ్చేసింది. ఎవరైనా వచ్చి "మాది" అంటారేమోనని అప్పటినుంచీ ఆమెకు లోపల ఒకటే బెదురు.

ఫోటో తీసిందో లేదో, బూందీ కిటికీలోంచి దూకాడు.

"అయ్యో, గొర్రెల్ని కరుస్తాడేమో!"

కరవలేదు. మంద పక్కగా పరుగెత్తి, భుజాన గొంగడి వేసుకున్న ఓ ముసలాయన కాళ్ళ దగ్గర పొట్ట నేలకానించి పడుకున్నాడు. కుయ్‌కుయ్‌మంటున్నాడు.

ముసలాయన గొంతుక్కూర్చుని బూందీ ఎడమ చెవి కొస పట్టుకుని వేళ్ళతో తడిమాడు.

"చెవి మెలిపెడతాండాడు చూడండి!" హేమావతి పరుగెత్తింది. "ఏమయ్యా, ఇడిసిపెట్టు!"

ఆయన చెవి వదిలాడు. చెయ్యి వెనక్కాలి మచ్చ మీదికి పోయింది.

"కాలికి ఏమైందమ్మా వీనికి?"

"లారీ గుద్దింది. ఆపరేషన్ చేపిచ్చి రాడ్డు ఏపిచ్చినాం."

"రాడ్డా! కుక్కకు ఇంత చేసినారా?"

"కుక్క అనొద్దు. మా బిడ్డ వాడు."

ముసలాయన బూందీ డొక్క నిమిరాడు.

"ఏం పెడతారమ్మా?"

"పెరుగన్నం, కోడికూర. మేం తినేదే."

"రాత్రి యాడ పండుకుంటాడు?"

"మా మంచం కింద, ఫ్యాను గాలికి. ఇవన్నీ నీకెందుకయ్యా?"

నాగేశ్వరే మర్యాదగా పలకరించాడు. "ఏ ఊరు పెద్దాయనా?"

"ఊరేముందప్పా. ఈడ మేపు లేదు. రేపు తెల్లారకముందే మందను తోలుకొని కాలవ దిక్కు పోతాండాం. యాడ మేపుంటే ఆడ."

"రారా బూందీ, పోదాం," పిలిచింది హేమావతి.

బూందీ కదల్లేదు. బిస్కెట్టు చూపిస్తే మొహం తిప్పుకున్నాడు. నాగేశ్వర మెడ పట్టీ పట్టి లాగితే, విదిలించుకుని మళ్ళీ ముసలాయన కాళ్ళ మధ్యకే దూరాడు.

హేమావతికి పాత బెదురు మళ్ళీ పట్టుకుంది. ఇప్పుడీయన కుక్కను వదిలేసి పొమ్మంటాడు. అంటే ఏం చెయ్యాలి?

ముసలాయన లేచి చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"పోరా! ఫో!"

బూందీ తోకాడించాడు.

ఆయన వంగి రాయి తీసుకుని విసిరాడు. అది బూందీ డొక్కకు తగిలింది. వాడు ఒక్క అరుపు అరిచాడు. రెండో రాయి ఎత్తేసరికి తోక ముడిచి వచ్చి కారెక్కాడు.

"మనిషివేనా నువ్వు? నోరులేని జీవాన్ని రాయితో కొడతావా? నీ చేతులిరిగిపోను!" హేమావతి శాపనార్థాలు పెట్టింది.

ఆయన తల ఎత్తలేదు. "కారద్దాలు పైకెత్తుకొని పోండమ్మా," అన్నాడు.

కొంచెం దూరం పోయాక నాగేశ్వర నసిగాడు. "హేమా, ఈడు ఆ పెద్దాయన కుక్కేమో?"

"సొంత కుక్కను ఎవరన్నా రాయితో కొడతారా?"

అలా అన్నాక హేమావతికి రెండేళ్ళ బెదురు వదిలిపోయింది. బూందీ మాత్రం వెనకద్దానికి మూతి ఆనించి చూస్తూనే ఉన్నాడు.

వారం తర్వాత, ఇంట్లో, హేమావతి ప్రయాణం ఫోటోలన్నీ ఒకచోట చేర్చి 'మా ఐర్లాండ్' అని పేరు పెట్టుకుంది. గొర్రెల ఫోటో దగ్గర ఆగి, వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

ముందు వరసలో ఏడు గొర్రెలు ఉన్నాయి. ఒకదాని ఎడమ చెవి కొసన రెండు గాట్లు. పక్కదాని చెవికీ రెండు. ఏడింటికీ అంతే. మందలు కలిసిపోతే గుర్తుపట్టడానికి కాపర్లు కోసే గాట్లు అవి.

మంచం కింద ఫ్యాను గాలికి పడుకున్న బూందీ దగ్గరికి వెళ్ళి, వాడి ఎడమ చెవి కొసను వేళ్ళతో తడిమింది. ఆ రోజు ముసలాయన తడిమినట్టే. ఒకటి, రెండు.

"పోదాం పదండి, ఇప్పుడే," అంది ఏడుస్తూ.

"యాడికని పోతాం?" అన్నాడు నాగేశ్వర. "ఆయప్ప పేరన్నా అడగలేదు మనం."

ఆ ముసలాయన రాయితో కొట్టింది తన సొంత కుక్కనే, అది తన వెంట ఎండలో నడవకుండా వీళ్ళ మంచం కింద చల్లగా పడుకోవాలని.