చూసి వెళ్లిన మనిషి

"నాసిర్ గారి ఇల్లు ఇదేనాండీ?"

గేదెలకు కుడితి పెడుతున్న అన్వరీ తలెత్తి చూసింది.

దడి అవతల బురఖాలో ఒక అమ్మాయి. ముసుగు పైకి తీసి ఉంది. ఈ ఊరి మనిషి కాదు.

"ఏ నాసిర్?"

"విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతారే, ఆయన."

"ఇదే ఇల్లు. ఆయన శనివారం గానీ రారు. ఏం పని?"

"పనేం లేదు. కాసిని మంచినీళ్లు ఇస్తారా?"

చల్లపల్లి నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది. కాళ్లనిండా దుమ్ము.

అన్వరీ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ అమ్మాయి తాగుతూ ఇంటి వంక చూసింది. దండెం మీద ఆరేసిన చీరల వంక చూసింది. అన్వరీ మెడలోని నల్లపూసల వంక చూసింది.

"మీరు ఆయనకి ఏమవుతారు?"

"భార్యని."

ఆ అమ్మాయి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మీ ఒంట్లో బాగానే ఉంటుందా అక్కా?"

"నాకేం? బాగానే ఉన్నా."

"మీ పేరేంటి?"

ఆ ప్రశ్న అన్వరీకి కొత్తగా అనిపించింది. అత్తమ్మ 'ఏమే' అని పిలుస్తుంది. నాసిర్ అదీ పిలవడు. ఇక పిల్లలు పుట్టరని తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె పేరు వినపడదు.

ఇన్నాళ్లకు ఒకరు పేరు అడిగారని సంతోషపడేదే. కానీ పక్కింటి ఆడవాళ్లు గుసగుసలాడిన మాట గుర్తుకొచ్చింది. నాసిర్‌కి విజయవాడలో ఎవరో ఉన్నారని.

అన్వరీకి ఒళ్లు మండింది.

"నా పేరుతో నీకేం పని? అసలు నువ్వెవరు?"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగింది.

"ఎవర్నీ కాదక్కా."

"ఎవరూ కాని దానివి మగాడి పేరు చెప్పుకుని ఇల్లు వెతుక్కుంటూ వస్తావా? ఇంకోసారి ఈ గుమ్మం వైపు వచ్చావంటే మర్యాదగా ఉండదు."

"రానక్కా."

చెంబు అరుగు మీద పెట్టి, ముసుగు దించుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి అత్తమ్మ చల్లపల్లి బజారు నుంచి కొత్త బట్టల సంచీలతో దిగింది. అన్వరీ ఆ సంగతి చెప్పలేదు. చెబితే తప్పు తన నెత్తికే చుట్టుకుంటుంది. మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేని దానివని నలుగురిలో అంటుంది.

ఆదివారం విజయవాడ వన్ టౌన్‌లో చుట్టాల పెళ్లి.

"నువ్వూ వస్తే గేదెల్ని ఎవరు చూస్తారు?" అంది అత్తమ్మ.

నాసిర్ కొత్త లాల్చీకి అన్వరీయే ఇస్త్రీ చేసింది. ఇంట్లో వాళ్లంతా కారు మాట్లాడుకుని వెళ్లారు.

పొద్దుగుంకక ముందే తిరిగి వచ్చేశారు. ఎవరి మొహంలోనూ పెళ్లికి వెళ్లొచ్చిన కళ లేదు. అత్తమ్మ తలుపేసుకుని పడుకుంది.

"పెళ్లి బాగా జరిగిందా?" అన్నం వడ్డిస్తూ అడిగింది అన్వరీ.

నాసిర్ కంచం విసిరికొట్టాడు.

చుట్టాలతో మాటా మాటా వచ్చి ఉంటుందనుకుని మెతుకులు ఏరుకుంది. ఇంకేం అడగలేదు. ఆ ఇంట్లో ఆమె అడగడం, ఎవరైనా జవాబు చెప్పడం అలవాటు లేదు.

పాలు పితికి కేంద్రానికి పంపేశాక సాయంత్రాలు ఆమెతో మాట్లాడే మనిషి ఉండడు. అరుగు మీద ఒక్కతే కూర్చుని ఆ వచ్చిన అమ్మాయితో మనసులోనే పోట్లాడేది.

'చదువుకున్నదానిలా ఉన్నావు. ఊళ్లో ఇంతమంది ఉండగా నా మొగుడే కావాల్సొచ్చాడా నీకు?'

నాసిర్ రాని శనివారాల్లో ఆ పోట్లాట ఇంకా పెరిగేది. నమాజులో చేతులెత్తి ఆ అమ్మాయికి చెడు కోరుకుంది. తర్వాత భయపడి, క్షమించమని తౌబా చెప్పుకుంది. మర్నాడు మళ్లీ కోరుకుంది.

చివరికి అత్తమ్మతో కన్నా, మొగుడితో కన్నా ఆ అమ్మాయితోనే ఎక్కువ మాట్లాడినట్టయింది.

అలా కొన్నేళ్లు పోయాయి. అత్తమ్మ కాలం చేసింది.

నలభయ్యో రోజు ఫాతెహాకి అత్తమ్మ తమ్ముడు బాబ్జాన్ వచ్చాడు. వన్ టౌన్‌లో గాజుల కొట్టు ఆయనది. అన్వరీ టీ తెచ్చి ఇచ్చింది.

"అక్క నాతో మాట్లాడకుండానే పోయిందమ్మా," అన్నాడు. "నాసిర్ పెళ్లి ఆగిపోయిన రోజు నుంచీ మా గడప తొక్కలేదు. ఆ సంబంధం చూసింది నేనేగా."

"ఎవరి పెళ్లి మామూ?"

బాబ్జాన్ ఆమె మొహంలోకి చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"నీకు తెలుసనుకున్నా. నువ్వు ఒప్పుకున్నావనే అక్క నాతో అంది. అటు వాళ్లకి మాత్రం నువ్వు చనిపోయావని చెప్పిందట. నాకది పెళ్లిలోనే తెలిసింది."

అన్వరీ వెనక్కి తిరిగి చూసింది. అరుగు మీద చుట్టాలంతా భోజనాలు చేస్తున్నారు. వాళ్లందరికీ తెలుసు. తనొక్కదానికే తెలియదు.

"మరి ఎందుకు ఆగింది?"

"పిల్ల ఒప్పుకోలేదు. అందరి ముందూ వాళ్ల నాన్న చెయ్యి చేసుకున్నాడు. అయినా మాట మార్చలేదు. నిండు పెళ్లి ఆపిందని పేరు పడ్డాక దానికి ఇంకో సంబంధం రాలేదమ్మా. తండ్రి మాట్లాడటం మానేశాడు. కువైట్‌లో ఎవరింట్లోనో పనికి పోయింది. ఇప్పుడు ఎక్కడుందో ఇంట్లో వాళ్లకే తెలీదు."

అన్వరీ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏమని ఆపింది మామూ?"

బాబ్జాన్ తల దించుకున్నాడు.

"నిఖాకి నీకు సమ్మతమేనా అని సాక్షులు లోపలికెళ్లి అడిగితే, 'ఆయన భార్య చనిపోలేదు, నేను వాళ్ల ఊరెళ్లి ఆవిడతో మాట్లాడి వచ్చాను, ఆవిడ ఉండగా ఆ ఇంటికి నేను వెళ్లను' అంది."