కంప్యూటర్లో జడపిన్ను

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన ఏడాది అది. పెద్దాయన తన పాతకాలపు కంప్యూటర్ మూత విప్పి కొత్త మెమరీ చిప్పులు గుచ్చుతున్నాడు. భార్య టార్చిలైటు పట్టుకుని నిలబడింది.

“ఆ మూల మెరుస్తున్నదేంటండీ?”

“పిన్ను.”

“నా వెండి జడపిన్నా?”

“లోపల ఒకచోట కరెంటు అందలేదు. అది అడ్డం పెడితే అందింది.”

ఆవిడ టార్చి ఆయన మొహం మీదికి తిప్పింది. “మీ వదినే కొట్టేసిందని ఇన్నేళ్ళూ నేను ఆవిడ గడప తొక్కలేదు. మీరు నోరు విప్పలేదేం?”

“నన్నెవరూ అడగలేదు.”

“పాపం, ఏడుస్తూ ఒట్టేసింది. అయినా నేను నమ్మలేదు.”

“తీగముక్క పెడతాలే. నీ పిన్ను తీసుకో.”

ఆవిడ గభాలున ఆయన చెయ్యి పట్టుకుంది. “తియ్యకండి. తీస్తే ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? అది లోపలే ఉండనివ్వండి.”

ఆయన మూత బిగించాడు. కంప్యూటర్ మునుపటికంటే చురుగ్గా లేచింది. ఇద్దరూ దాన్ని దొంగను చూసినట్టు చూశారు.

మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ మూత విప్పి, తీగముక్క గుచ్చి, పిన్ను జేబులో వేసుకుని అన్నయ్య ఇంటి దారి పట్టాడు. సందు మలుపులో కాసేపు ఆగాడు. వెనకాల భార్య చెప్పుల చప్పుడు వినబడ్డాకే కదిలాడు.